ఐదు పుస్తకాలు, ఒక బంగారు పిన్ను: హంగర్ గేమ్స్ ఏ వరుసలో చదవాలి?

సెలవులకి మా ఇంటికొచ్చిన మా అక్క కూతురు మంచం మీద ఐదు పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. ఒక్కోదాని అట్ట మీద ఒక పసుపు చీటీ అంటించింది. చీటీల మీద 10, 50, 74, 75 అని అంకెలు, చివరిదాని మీద "75 తర్వాత" అని రాసుంది. ఏ పుస్తకం ఎన్నో ఏటి ఆటల గురించో ఫోన్లో చూసి రాసుకుందట. "కథలో ముందు జరిగింది ముందు చదవాలి కదా పిన్నీ? అధ్యక్షుడు స్నో కుర్రాడిగా ఉన్నప్పటి పుస్తకంతో మొదలుపెడతాను," అంది. వద్దన్నాను. ఎందుకని అడిగింది. "నా మాట విను, తర్వాత నీకే తెలుస్తుంది" అన్నాను గానీ, పద్నాలుగేళ్ళ పిల్లకి అదేం జవాబు? ఆ రాత్రి పుస్తకాలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ పిల్లకి అప్పుడు చెప్పలేకపోయిన జవాబు.

ముందే ఒక మాట. ఈ ఐదు పుస్తకాల్లోని మనుషులు ఒకరికొకరు ఎలా ముడిపడి ఉన్నారో చెప్పాలంటే కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు. ఏమీ తెలియకుండా చదువుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: కథలోని కాలాన్ని బట్టి కాదు, పుస్తకాలు అచ్చైన వరుసలో చదవండి. 2008లో వచ్చిన ద హంగర్ గేమ్స్, 2009లో క్యాచింగ్ ఫైర్, 2010లో మాకింగ్‌జే, పదేళ్ళ తర్వాత 2020లో ద బ్యాలడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్, 2025 మార్చిలో సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్. అన్నీ రాసింది అమెరికన్ రచయిత్రి సుజాన్ కాలిన్స్. చివరి రెండింటి పేర్లూ పొడుగు కాబట్టి ఇకమీద బ్యాలడ్, సన్‌రైజ్ అంటాను. బ్యాలడ్ స్నో కుర్రాడిగా ఉన్నప్పటి పదో ఆటల కథ, సన్‌రైజ్ యాభయ్యో ఆటలది.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. ఉత్తర అమెరికా నాశనమైపోయాక దాని శిథిలాల మీద లేచిన దేశం పానెమ్. రాజధానిని క్యాపిటల్ అంటారు, దాని కింద 12 జిల్లాలు. ఒక జిల్లా బొగ్గు తవ్వుతుంది, ఒకటి చేపలు పడుతుంది, ఒకటి ధాన్యం పండిస్తుంది. కూర్చుని తినేది క్యాపిటల్. జిల్లాలు ఒకసారి తిరగబడి ఓడిపోయాయి. పదమూడో జిల్లాని నేలమట్టం చేశామని క్యాపిటల్ చాటుకుంది. మిగిలినవాటికి శిక్షగా హంగర్ గేమ్స్ పెట్టింది. ప్రతి ఏడూ ఒక్కో జిల్లా నుంచి 12 నుంచి 18 ఏళ్ళ వయసున్న ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ చీటీ తీసి పట్టుకెళ్తారు. మొత్తం 24 మంది. ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. అదంతా టీవీలో వస్తుంది, జిల్లాల్లో జనం తప్పనిసరిగా చూడాలి. అలా పట్టుకెళ్ళిన పిల్లల్ని ట్రిబ్యూట్లు అంటారు. తెలుగులో అయితే కప్పం. ఆ చీటీలు తీసే రోజు పేరు రీపింగ్, అంటే పంట కోత. ఈ రెండు మాటలకీ తెలుగు అర్థం తెలిస్తే చాలు, ఆ దేశం ఎలాంటిదో సగం అర్థమైపోతుంది.

ఏథెన్స్ నగరం ఏడుగురు అబ్బాయిల్నీ ఏడుగురు అమ్మాయిల్నీ క్రీటు ద్వీపానికి పంపితే అక్కడ వాళ్ళని మినోటార్‌కి ఆహారంగా వేసే గ్రీకు కథ ఉంది. తన కథకి అదే మూలమని కాలిన్స్ చెప్పింది. మనకి ఆ కథ తెలియకపోయినా ఏకచక్రపురం తెలుసు. బండెడు అన్నం, దాంతోపాటు వంతు వచ్చిన ఇంటి మనిషి, బకాసురుడి దగ్గరికి వెళ్ళాలి. భీముడు వచ్చేదాకా ఆ ఊరివాళ్ళు వంతులు వేసుకుని బతికారన్నదే నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. కాలిన్స్ పట్టుకున్నది సరిగ్గా అదే. రాక్షసుడి కంటే ఆ వంతులే ఆమెకి ముఖ్యం.

ఆ వంతుల లెక్క ఒకసారి దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఐదు పుస్తకాల ముడి అక్కడే మొదలవుతుంది. పన్నెండేళ్ళు నిండిన ఏడాది పిల్ల పేరు మీద ఒక చీటీ పడుతుంది. పదమూడో ఏట రెండు, అలా పద్దెనిమిదో ఏటికి ఏడు. ఇంతవరకూ అందరికీ సమానమే. కానీ ఆకలితో ఉన్నవాళ్ళు అదనంగా చీటీలు వేయించుకోవచ్చు. ఒక్కో అదనపు చీటీకి ఒక మనిషికి ఏడాదికి సరిపోయీ సరిపోని ధాన్యం, నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని చీటీలు వేయొచ్చు, అవి ఏ ఏడాదికా ఏడాది పేరుకుంటూ పోతాయి. కథ చెప్పే కాట్నిస్‌కి పదహారేళ్ళు. తనకీ, అమ్మకీ, చెల్లి ప్రిమ్‌కీ కలిపి ఏటా మూడు అదనపు చీటీలు, మామూలుది ఒకటి. ఐదేళ్ళకి ఇరవై. ఆమె స్నేహితుడు గేల్‌కి పద్దెనిమిదేళ్ళు, ఇంట్లో ఐదుగురు. ఏటా ఆరు చొప్పున ఏడేళ్ళకి నలభై రెండు. మేయరు కూతురు మ్యాడ్జ్‌కి ఇంట్లో తిండికి లోటు లేదు. ఆమెకి వయసుతో వచ్చే చీటీలే, ఐదో ఆరో.

మొదటి పుస్తకం మొదటి అధ్యాయంలోనే గేల్, కాట్నిస్ స్ట్రాబెర్రీలు అమ్మడానికి మ్యాడ్జ్ ఇంటి వెనక గుమ్మం దగ్గరికి వెళ్తారు. ఆ రోజే చీటీలు తీసేది. మ్యాడ్జ్ ఖరీదైన తెల్ల గౌను వేసుకుంది, దాని మీద చిన్న బంగారు పిన్ను పెట్టుకుంది. ఆ పిన్ను అమ్మితే ఒక కుటుంబానికి నెలల తరబడి రొట్టె వస్తుంది. గేల్‌కి కడుపు మండి నోరు జారతాడు. నీ పేరున ఎన్ని చీటీలుంటాయి, నాకు పన్నెండేళ్ళప్పుడే ఆరున్నాయి అంటాడు. కాట్నిస్ కూడా మనసులో గేల్ వైపే. చదివే మనం కూడా గేల్ వైపే. మ్యాడ్జ్‌లాంటివాళ్ళకి ఏం తెలుస్తుంది అనుకుంటాం. ఆ పిన్నుని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆ మధ్యాహ్నం ప్రిమ్ పేరు వస్తుంది. చెల్లికి బదులు కాట్నిస్ వెళ్తుంది. వెళ్ళేముందు మ్యాడ్జ్ వచ్చి ఆ పిన్ను కాట్నిస్ గౌనుకి పెట్టి, అరీనాలో, అంటే ఆటలు జరిగే చోట, పెట్టుకోమంటుంది. దాని మీదున్నది మాకింగ్‌జే అనే పక్షి. తిరుగుబాటు కాలంలో క్యాపిటల్ ప్రయోగశాలల్లో జాబర్‌జే అనే గూఢచారి పక్షుల్ని పుట్టించారు, మనుషుల మాటలు విని పొల్లుపోకుండా తిరిగి చెప్పేవి. తిరుగుబాటుదారులు అది పసిగట్టి వాటికి అబద్ధాలు వినిపించి పంపడం మొదలెట్టారు. పథకం బెడిసికొట్టింది, క్యాపిటల్ ఆ పక్షుల్ని అడవికి వదిలేసింది. చచ్చిపోతాయనుకుంటే అవి మాకింగ్‌బర్డ్ అనే మామూలు పక్షులతో జతకట్టాయి. పుట్టిన కొత్త పక్షి మాటలు చెప్పదు, పాటలు పాడుతుంది. క్యాపిటల్ చేతిలోంచి జారిపోయిన పక్షి అన్నమాట.

రెండో పుస్తకంలో తెలుస్తుంది, ఆ పిన్ను మ్యాడ్జ్‌ది కాదని. మ్యాడ్జ్ వాళ్ళమ్మకి మేసిలీ అని కవల సోదరి ఉండేది. మనలెక్కన మ్యాడ్జ్‌కి ఆమె పెద్దమ్మో పిన్నో అవుతుంది. పాతికేళ్ళ క్రితం యాభయ్యో ఆటల్లో ఆమె పేరు వచ్చింది, అరీనాలో చనిపోయింది. అంటే మొదటి అధ్యాయంలో గేల్ ఈసడించుకున్న ఆ పిన్ను చచ్చిపోయిన పదహారేళ్ళ పిల్లది. ఆ ఇల్లు కూడా కప్పం కట్టిన ఇల్లే. మ్యాడ్జ్‌కి తెలుసు, నోరెత్తలేదు. ఇది చదివాక నేను వెనక్కి వెళ్ళి మొదటి అధ్యాయం మళ్ళీ చదివాను. ఒక్క అక్షరం మారలేదు, కానీ ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ ముగ్గురూ నాకు వేరే మనుషుల్లా కనిపించారు. ఇక పదహారేళ్ళ తర్వాత వచ్చిన సన్‌రైజ్‌లో ఆ పిన్ను తయారుచేసిన చేతులు కూడా కనిపిస్తాయి. చేసినవాడు టామ్ ఆంబర్. అతను ఎవరో బ్యాలడ్ చదివినవాళ్ళకి తెలుసు.

కాలిన్స్ పని చేసే తీరు ఇది. ముందు ఒక వస్తువుని మామూలుగా చేతిలో పెడుతుంది, దాని చరిత్ర తర్వాత చెబుతుంది. ముడులన్నీ ముందు నుంచి వెనక్కి విప్పుకుంటూ వెళ్ళడానికి వేసినవి. తేదీల వరుసలో చదివితే ఆ పిన్ను మన దగ్గరికి చరిత్ర మోసుకుంటూ వస్తుంది. అప్పుడు గేల్ తొందరపాటు మనకి ముందే తెలిసిపోతుంది. గేల్‌తో పాటు మనమూ పొరపాటు పడే అవకాశం పోతుంది.

సినిమాలు మాత్రమే చూసినవాళ్ళకి ఈ ముడి అసలు దొరకదు. సినిమాల్లో మ్యాడ్జ్ లేదు. పిన్ను అంగట్లో ఒక ముసలమ్మ దగ్గర దొరుకుతుంది. సినిమా నిడివి కోసం చేసిన మార్పు కావచ్చు, నాకు మాత్రం పెద్ద నష్టమే అనిపిస్తుంది.

ఇన్ని పేర్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి?

మా పిల్ల మొదటి ఫిర్యాదు ఇదే. దీనికి కాలిన్స్ స్వయంగా ఒక తాళంచెవి ఇచ్చింది. మన దగ్గర ఇంటిపేరు వింటే ఏ ఊరివాళ్ళో, ఏ వైపువాళ్ళో ఒక అంచనాకి వస్తాం కదా, పానెమ్‌లోనూ అంతే. క్యాపిటల్‌వాళ్ళవి ఎక్కువగా గ్రీకు, రోమన్ పేర్లు: కోరియోలానస్, సీజర్, సెనెకా, ప్లుటార్క్, సిన్నా, టైగ్రిస్ ఏమో నది పేరు. పానెమ్ అన్న మాటే లాటిన్‌లో రొట్టె. రొట్టె, వినోదం పడేస్తే జనం ఇంకేమీ అడగరని రోమన్ కవి జువెనాల్ అన్న మాటలోంచి తీసుకున్నది. విలాస వస్తువులు చేసే ఒకటో జిల్లావాళ్ళు గ్లిమ్మర్, గ్లాస్, క్యాష్‌మియర్, అంటే మెరుపులు, మెత్తటి ఉన్ని. యంత్రాల జిల్లా మూడో దాంట్లో వైరెస్, బీటీ. బొగ్గు జిల్లా పన్నెండో దాంట్లో చెట్టూ చేమా పేర్లు ఎక్కువ: కాట్నిస్ ఒక నీటిదుంప, ప్రిమ్‌రోజ్ ఒక పువ్వు.

బ్యాలడ్‌లో పన్నెండో జిల్లాకి బయటినుంచి వచ్చి చిక్కుకుపోయిన ఒక పాటగాళ్ళ బృందం ఉంటుంది, పేరు కవీ. ఊరూరా తిరిగి పాడి బతికేవాళ్ళు. వాళ్ళ పేర్లకి రెండు భాగాలు. మొదటిది ఒక పాత కథాగేయంలోంచి, రెండోది ఒక రంగు. లూసీ గ్రే, మాడ్ ఐవరీ, బార్బ్ అజూర్, క్లర్క్ కార్మైన్, టామ్ ఆంబర్. బూడిద, దంతపు తెలుపు, నీలం, ఎరుపు, తేనె రంగు. ఈ సూత్రం పట్టుకుంటే నలభయ్యేళ్ళ తర్వాతి కథ సన్‌రైజ్‌లో లెనోర్ డవ్ (డవ్ అంటే పావురపు బూడిద రంగు) అన్న పేరు వినగానే, ఈ పిల్ల కవీ పిల్ల అని మనకి తెలిసిపోతుంది. ఎవరూ చెప్పక్కర్లేదు. పిన్ను చేసిన టామ్ ఆంబర్ ఆ పిల్లని పెంచిన మామయ్యల్లో ఒకడు.

ఇంకో సంగతి. మొదటి మూడు పుస్తకాలూ చెప్పేది కాట్నిస్సే అయినా, వాళ్ళమ్మా నాన్నల పేర్లు ఎక్కడా రావు. అమ్మ అమ్మే, నాన్న నాన్నే. ఆ పేర్లు సన్‌రైజ్‌లో బయటపడతాయి: ఆస్టరిడ్, బర్డాక్. బర్డాక్ హేమిచ్‌కి మంచి స్నేహితుడు, పైగా కవీ వాళ్ళకి చుట్టం. కాట్నిస్‌కి గురువుగా వచ్చిన తాగుబోతు హేమిచ్ నిజానికి నాన్న చిన్ననాటి నేస్తం! మొదటి పుస్తకం చదువుతున్నప్పుడు ఇది కాట్నిస్‌కీ తెలియదు, మనకీ తెలియదు.

ఉరిచెట్టు పాట

మూడో పుస్తకంలో కాట్నిస్ అడవిలో చెరువు దగ్గర ఒక పాట పాడుతుంది. నాలుక కోసేయబడిన పోలక్స్ అనే మనిషి పుల్లతో మట్టిలో రాసి అడిగితే, అతని కోసం పాడుతుంది. ఉరితీయబడినవాడు తన ప్రియురాలిని ఆ చెట్టు దగ్గరికి రమ్మని పిలిచే పాట. చిన్నప్పుడు నాన్న నేర్పాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ పాట పాడుకుంటూ, పాటలో చెప్పినట్టే తాడు ముక్కలతో మెడలోకి దండలు అల్లుకుంటుంటే అమ్మ చూసి ఒక్కసారిగా కేకలేసింది. ఆ రోజు నుంచీ ఆ పాట ఇంట్లో పాడకూడదు. అమ్మ ఎందుకంత భయపడిందో కాట్నిస్‌కి పెద్దయ్యాక గానీ తెలియలేదు, అదీ కొంతే. పాటలో ఉరి పడ్డవాడెవరో, ముగ్గుర్ని నిజంగా చంపాడో లేదో ఆమెకి చివరిదాకా తెలియదు.

మనకి తెలుస్తుంది, పదేళ్ళ తర్వాత. బ్యాలడ్‌లో ఆ ఉరి మన కళ్ళముందే జరుగుతుంది. పడ్డవాడి పేరు ఆర్లో చాన్స్. గనిలో పేలుడు పెట్టి ముగ్గురి చావుకి కారణమయ్యాడన్నది నేరం. అతని ప్రియురాలి పేరు పెట్టి అతను అరిచిన అరుపుని చెట్ల మీది పక్షులు పట్టుకుంటాయి. దాని మీదే లూసీ గ్రే పాట కడుతుంది. పాడుతున్నప్పుడు వింటున్నవాళ్ళలో పద్దెనిమిదేళ్ళ కోరియోలానస్ స్నో ఉన్నాడు, తర్వాత దేశాధ్యక్షుడై కాట్నిస్‌ని వేటాడేవాడు. కాట్నిస్ నాన్నకి ఆ పాట, నాన్న నుంచి కాట్నిస్‌కి అరవయ్యేళ్ళు దాటి ఎలా వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది. కవీ చుట్టరికం! చెరువు కూడా అదే చెరువు. ఒడ్డున ఉన్న సిమెంటు గది కూడా అదే. నీళ్ళలో పెరిగే ఆ దుంపని చిత్తడి దుంప అనేకంటే కాట్నిస్ అంటేనే బాగుంటుందని లూసీ గ్రే స్నోతో అంటుంది.

ఇప్పుడు డెబ్బై నాలుగో ఆటలని స్నో వైపు నుంచి చూడండి. పన్నెండో జిల్లా అమ్మాయి, పాడుతుంది, గుండె మీద మాకింగ్‌జే, పేరేమో ఆ దుంప పేరు. ఆ ముసలాయనకి తను పాతిపెట్టిన గతమంతా వరసగా ఎదురొచ్చినట్టే. ఇదే కారణంతో బ్యాలడ్ ముందు చదవాలనేవాళ్ళు ఉన్నారు. స్నో మనసులో ఏముందో తెలిసి చదివితే మొదటి మూడూ ఇంకా పదునుగా ఉంటాయంటారు. వాళ్ళ మాటలో నిజముంది, కానీ అది రెండోసారి చదివేటప్పటి సుఖం. కాట్నిస్‌కి తన పేరుని చూసి ఒకడు ఎందుకు ఉలిక్కిపడతాడో తెలియదు. ఆమె తన ముందు తరాల కథ ఎవరూ చెప్పని పిల్ల. మొదటిసారి ఆమె ఎంత చీకట్లో ఉందో మనమూ అంతే చీకట్లో ఉండాలి. చెరిపేయబడిన చరిత్ర మధ్య బతకడం అంటే ఏమిటో అప్పుడే ఒంటికి తెలుస్తుంది.

చెరిపేయడం అన్నాను కదా. మొదటి పుస్తకంలో కాట్నిస్ ఒక మాట అనేసి ముందుకెళ్ళిపోతుంది: డెబ్బై నాలుగేళ్ళలో మా జిల్లా నుంచి గెలిచినవాళ్ళు ఇద్దరే, ఒక్కరే బతికున్నారు. ఆ ఒక్కరు హేమిచ్. మరి రెండో మనిషి? మూడు పుస్తకాల్లో ఆ పేరు రాదు. 2008లో వదిలేసిన ఆ ఖాళీని 2020లో పూరించింది: లూసీ గ్రే బెయిర్డ్, పదో ఆటలు. ఆ ఆటల రికార్డులే లేకుండా చేశారు, అందుకే కాట్నిస్‌కి పేరు తెలియదు. బ్యాలడ్ ముందు చదివినవాళ్ళకి ఆ వాక్యం ఒక లెక్క మాత్రమే. తర్వాత చదివినవాళ్ళకి గుండె కలుక్కుమంటుంది.

స్నో గురించి ఇంకొక్క మాట. బ్యాలడ్ మొదటి పేజీలో అతను క్యాబేజీ ఉడకబెట్టుకుంటూ, ఏదో ఒకరోజు దీన్ని ముట్టకుండా బతుకుతానని ఒట్టు పెట్టుకుంటాడు. గొప్పింటి పేరు మిగిలింది గానీ డబ్బు పోయింది. అతనికి చొక్కా సరిచేసి తెచ్చే అక్క వరసమ్మాయి టైగ్రిస్. మూడో పుస్తకం చివర్లో కాట్నిస్ బృందాన్ని స్నో మనుషుల నుంచి తన దుకాణం కింద దాచే ముసలామె ఈ టైగ్రిస్సే. పులి ముఖంలా ఆపరేషన్లు చేయించుకున్న ఆ మనిషిని 2010లో మనం వింతగా చూసి వదిలేశాం. పదేళ్ళ తర్వాత ఆమె ప్రేమగా కుట్టిన చొక్కా చూశాక, ఆమె తలుపు తీయడం వెనక ఎంత కథ ఉందో తెలిసింది. మరో సంగతి గమనించండి: కాట్నిస్, హేమిచ్ తమ కథలు "నేను" అంటూ చెబుతారు. స్నో కథ మాత్రం "అతను" అనే సాగుతుంది. మనం అతని మనసులో ఉంటాం గానీ, అతని నోటి నుంచి కథ వినం. జాలిపడుతూనే కనిపెట్టుకుని ఉండాల్సిన దూరం అది. మొదటి మూడు పుస్తకాల్లో స్నో ఏం చేశాడో చూసినవాళ్ళే ఆ జాలిని అదుపులో పెట్టుకోగలరు.

రైల్లో చూసిన టేపు

నా అసలు కారణం ఇది. మిగతావన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

క్యాచింగ్ ఫైర్‌లో కాట్నిస్, ఆమె జిల్లా నుంచే ఆమెతో పాటు ఆటలకి వెళ్ళిన కుర్రాడు పీటా రెండోసారి ఆటలకి వెళ్తూ, రైల్లో రాత్రిపూట పాత ఆటల టేపులు చూస్తుంటారు. హేమిచ్ గెలిచిన యాభయ్యో ఆటల టేపు పెడతారు. ఆ ఏడు మామూలుకి రెట్టింపు, 48 మంది పిల్లలు. టేపులో చీటీలు తీయడం కనిపిస్తుంది, మేసిలీ పేరు పిలుస్తారు, చివరికి హేమిచ్ పేరు పిలుస్తారు. పొగరుగా నవ్వే కుర్రాడు. అరీనా అందాల లోకం: పచ్చిక, పూలు, మంచుకొండ. తీరా చూస్తే పూలూ పండ్లూ నీళ్ళూ అన్నీ విషమే, ఆ కొండ అగ్నిపర్వతం. హేమిచ్ మేసిలీతో కలుస్తాడు, విడిపోతారు, పొడుగు ముక్కుల గులాబీ రంగు పిట్టలు ఆమె గొంతులో పొడుస్తాయి. అతను పరిగెత్తుకొచ్చి ఆమె చేయి పట్టుకుని కూర్చుంటాడు. చివర్లో ఒకటో జిల్లా అమ్మాయి విసిరిన గొడ్డలి, అరీనా అంచున ఉన్న కనిపించని గోడకి తగిలి తిరిగొచ్చి ఆమెకే తగులుతుంది. పేగులు చేత్తో పట్టుకుని కింద పడున్న హేమిచ్ గెలుస్తాడు. తెలివైనవాడు, ఒంటిగాడు, అహంకారి. ఇదీ మనకి వచ్చే అభిప్రాయం. కాట్నిస్, పీటా కూడా అదే అనుకుంటారు. పదహారేళ్ళ పాటు పాఠకులందరం అదే అనుకున్నాం.

సన్‌రైజ్‌లో ఆ కథనే హేమిచ్ చెబుతాడు. చెప్పడం మొదలైన కాసేపటికే కాళ్ళ కింద నేల కదులుతుంది. అతని పేరు చీటీలో రాలేదు. పేరు వచ్చింది వుడ్‌బైన్ చాన్స్ అనే కుర్రాడికి. ఉరిచెట్టు పాటలో ఉన్నవాడి ఇంటిపేరే. ఆ పిల్లాడు పారిపోబోతే సైనికులు అక్కడికక్కడే కాల్చేశారు. ఆ గొడవలో లెనోర్ డవ్‌ని కాపాడబోయి హేమిచ్ అడ్డం పడ్డాడు. సరే, వీడినే తీసుకుపోదాం అన్నారు. నెత్తురు కనిపించకుండా కెమెరాల ముందు చీటీలు తీయడం మళ్ళీ ఆడించారు, ఈసారి హేమిచ్ పేరు చదివారు. కాట్నిస్ టేపులో చూసింది ఆ రెండో ప్రదర్శన!

ఇక అక్కడి నుంచి ప్రతి సన్నివేశం పక్కన మనకి తెలిసిన టేపు నడుస్తూనే ఉంటుంది. ఒంటిగాడిలా కనిపించిన కుర్రాడు నిజానికి బలహీనమైన జిల్లాల పిల్లలందరితో కలిసి నిలబడ్డాడు. బీటీ వేసిన పథకం ప్రకారం అరీనానే పాడుచేయడానికి ప్రయత్నించాడు. బీటీ కొడుకు, పన్నెండేళ్ళ ఆంపర్ట్, ఆ ఆటల్లోనే ఉన్నాడు, తండ్రికి శిక్షగా. ఇదంతా కత్తిరించి పారేశారు. అక్కడ కెమెరా బృందంతో తిరుగుతూ, దేన్ని ఎలా చూపించాలో చెబుతూ కనిపించే యువకుడు ప్లుటార్క్ హెవెన్స్‌బీ. పాతికేళ్ళ తర్వాత కాట్నిస్ ముఖాన్ని తిరుగుబాటు జెండాగా మార్చి ప్రచార వీడియోలు తీయించేదీ ఆయనే. వైరెస్, ముసలి మ్యాగ్స్ హేమిచ్‌కి గురువులుగా వస్తారు. డెబ్బై ఐదో ఆటల్లో వాళ్ళు కాట్నిస్ పక్కన ఎందుకు నిలబడ్డారో, హేమిచ్ వాళ్ళని ఎందుకంత నమ్మాడో అప్పుడు తెలుస్తుంది.

సన్‌రైజ్ ముందు చదివితే ఏమవుతుంది? నిజం ముందే తెలిసి, టేపు చూసేటప్పుడు "అబద్ధం" అనుకుంటాం. మనం మోసపోం. కానీ ఆ పుస్తకం ఉన్నదే మనం ఎంత తేలిగ్గా మోసపోయామో చూపించడానికి. కొద్దిమంది చేతిలో ఎందరో ఎంత సులువుగా పాలించబడతారో కదా అని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఆశ్చర్యపోయిన మాటని కాలిన్స్ ఆ పుస్తకం మొదట్లో పెట్టింది. ఆ ఎందరిలో మనమూ ఉన్నాం. 2009 నుంచి క్యాపిటల్ ఎడిట్ చేసిన టేపుని నిజమని నమ్మినవాళ్ళం. ఎవరో చెబితే కాదు, మనకే జరిగింది. ఇంత ఓపికగా పాఠకుల కోసం ఉచ్చు పన్నిన రచన నాకు ఈ తరహా పుస్తకాల్లో ఇంకోటి కనిపించలేదు. 2009లోనే ఆమె ఇదంతా అనుకుని రాసిందో, తర్వాత దాన్ని వాడుకుందో నేను చెప్పలేను. ఎలా జరిగినా చదివేవాళ్ళ మీద దెబ్బ ఒకటే.

ఒక చిన్న మాట గురించి చెప్పి తీరాలి. మొదటి పుస్తకం నుంచీ హేమిచ్ కాట్నిస్‌ని "స్వీట్‌హార్ట్" అని పిలుస్తాడు. వెటకారమని ఆమెకి ఒళ్ళు మండుతుంది, మనకీ అలాగే వినిపిస్తుంది. సన్‌రైజ్‌లో అది పొరుగింటి పిల్ల, పదమూడేళ్ళ లూయెల్లాని అతను పిలిచే ముద్దుపేరు. ఆ పిల్ల కూడా అదే ఆటలకి వెళ్ళి, అరీనాలో అడుగు పెట్టకముందే చనిపోతుంది. మొదటి మూడు పుస్తకాల్లో ఆ పిలుపు ఎన్నిసార్లు వచ్చిందో అన్నిసార్లూ వెనక్కి వెళ్ళి చూడాలనిపించింది నాకు.

ఇక అన్నిటికంటే మామూలు కారణం ఒకటుంది. సన్‌రైజ్ చివరి పేజీల్లో కథ యాభయ్యో ఏట ఆగదు. మూడో పుస్తకం ముగిసిన తర్వాతి రోజుల్లోకి వెళ్తుంది. అది ముందు చదివితే కాట్నిస్ కథ ఎక్కడ తేలుతుందో తెలిసిపోతుంది. మూడో పుస్తకం చివర్లో హేమిచ్ బాతులు పెంచుకుంటున్నాడని ఒక్క ముక్కలో ఉంటుంది. తాగుబోతు కాలక్షేపం అనుకుంటాం. ఆ బాతులు ఎవరి గుర్తో సన్‌రైజ్ చదివితే తెలుస్తుంది, నేను చెప్పను.

ఏ వయసుకి ఇవ్వాలి అంటే, పన్నెండు దాటిన పిల్లలకి, పెద్దవాళ్ళు కూడా పక్కన చదువుతుంటే మంచిదని నా అభిప్రాయం. చావులు నేరుగా చూపిస్తుంది, తేలిక చేయదు. కాలిన్స్ తండ్రి ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసి వియత్నాం యుద్ధానికి వెళ్ళినవాడు. పిల్లలకి యుద్ధం గురించి దాచకుండా చెప్పాలన్న పట్టుదల ఆమె ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. అందుకే ఒక పుస్తకానికీ ఇంకో పుస్తకానికీ మధ్య పిల్లల్ని నాలుగు రోజులు ఆగనివ్వండి. ముఖ్యంగా మూడోది అయ్యాక.

మా పిల్ల పసుపు చీటీలు పీకేసి, 1 నుంచి 5 దాకా కొత్తవి అంటించుకుంది. నాలుగు, ఐదు నా అలమారలో ఉన్నాయి, తాళం వేసి. నిన్న రాత్రి రైల్లో టేపు దాకా వచ్చింది. "హేమిచ్ భలే తెలివైనవాడు పిన్నీ, ఎవరినీ నమ్మడు," అంది. అవునన్నాను. పొద్దున కాఫీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి, మొదటి పుస్తకం తెరిచి పెన్సిల్‌తో గీత గీసిన వాక్యం చూపించింది. "ఇద్దరు గెలిచారంది కదా. ఒకళ్ళు హేమిచ్. ఇంకొకళ్ళెవరు?"

"చదువు," అన్నాను.